పెట్టెలోంచి చూస్తే జనం కనిపిస్తారు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఇంద్రజాలానికి కాలం చెల్లిపోతోందంటూ వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్ తెరిస్తే చాలు ప్రతి ట్రిక్ గుట్టూ రట్టవుతోందనీ, అందుకే మ్యాజిక్ షోలంటే జనానికి మోజు తగ్గిందనీ వ్యాసకర్త బాధపడ్డారు. అదే పేజీ అడుగున, ఇక నుంచి వారం వారం ఒక ట్రిక్ రహస్యం చెప్పే శీర్షిక మొదలవుతుందని మీ ప్రకటన ఉంది. ఆ రెండూ ఒకే పేజీలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాలేదు గానీ, అది మీ ఇంటి వ్యవహారం.

నేను ఈ రంగంలోనే బతుకుతున్న మనిషిని. ఇప్పుడు సొంతంగా షోలు చేస్తున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు మా మేనమామ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నాను. అంటే రంపంతో కోసే పెట్టెలో పడుకున్నదీ, కత్తులు దిగే బుట్టలో కూర్చున్నదీ నేనే. పోస్టర్ మీద మావయ్య పేరుండేది, పక్కన నా బొమ్మ ఉండేది. పేరుండేది కాదు. దాని గురించి ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. ఆ పని వల్ల మావయ్యకు లేని వసతి ఒకటి నాకు దొరికిందని చెప్పడానికి రాస్తున్నాను. షో నడుస్తున్నంతసేపూ ఆయన చేతుల నిండా పని. నేను పెట్టెలో పడుకున్నాక తల బయటపెట్టి నవ్వడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. (ఉన్నా చెప్పను.) అందుకని జనాన్ని చూస్తూ ఉండేదాన్ని.

రంపం కిందికి దిగుతుంటే జనం రంపాన్నే చూస్తారనుకుంటాం. చూడరు. ఒక్క క్షణం దానివైపు చూసి వెంటనే నా మొహం వైపు తిరిగేవాళ్లు. నొప్పి పుడుతోందా, భయపడుతోందా, ఆ నవ్వు నిజమేనా అని వెతికేవాళ్లు. అక్కడి నుంచి చూపు మావయ్య మొహం మీదికి పోయేది. తర్వాత పక్క కుర్చీలోని మనిషి మీదికి. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకునేవాళ్లు. పిల్లలు అమ్మ మొహం చూసి, అమ్మ నవ్వుతుంటే తామూ నవ్వేవాళ్లు, అమ్మ నోరు తెరిస్తే తామూ తెరిచేవాళ్లు. పెట్టె రెండు ముక్కలై చెరోవైపు జరిగే సమయానికి చాలామంది కళ్లు అసలు పెట్టె మీదే ఉండేవి కావు.

ఈ సంగతి చెబితే మావయ్య మొదట కొట్టిపారేశారు. "ఇంత ఖర్చు పెట్టి రంపం చేయిస్తే నీ మొహం చూస్తారా అమ్మాయీ?" అని నవ్వారు. అయినా ఆయనకు పరీక్షించి చూసే గుణం ఉంది. ఒక షోలో నన్ను కళ్లు మూసుకుని పడుకోమన్నారు. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. ఇంకో షోలో రంపం దిగుతుండగా ముందు వరుసలోని ఒక పిల్ల వైపు చూసి కన్ను గీటమన్నారు. ఆ పిల్ల కిలకిలా నవ్వింది, ఆ నవ్వు వెనక వరుసల దాకా పాకింది. రంపం అదే, పెట్టె అదే. అప్పటి నుంచి మా రిహార్సల్స్‌లో సగం సమయం నేను ఎప్పుడు ఎటు చూడాలి అన్నదాని మీదే గడిచేది.

పెట్టెలోంచి నేను గమనించిన దానికి తర్వాతెప్పుడో సైన్సు ఊతం దొరికింది. బ్రిటన్‌లో గుస్తావ్ కూన్, మైకేల్ ల్యాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంద్రజాలికుడు చిన్న బంతిని రెండుసార్లు పైకి ఎగరేసి పట్టుకుంటాడు. మూడోసారి ఎగరేసినట్టు చెయ్యి ఆడిస్తాడు, బంతి చేతిలోనే ఉండిపోతుంది. ఆ మూడోసారి కూడా అతను తలెత్తి పైకి చూస్తే, చూసేవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్లి మాయమైందని చెప్పారు. అతని చూపు చేతి మీదే ఉంటే, అలా చెప్పినవాళ్లు మూడో వంతుకు పడిపోయారు. ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. చూసేవాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో కొలిచారు. బంతి పైకి పోవడం కళ్లారా చూశామన్నవాళ్ల కళ్లు ఆ పై భాగానికి పోనే లేదు. వాళ్లు చూసింది ఇంద్రజాలికుడి మొహాన్ని. ఆ మొహం పైకి చూసింది కాబట్టి, బంతీ పైకి పోయే ఉంటుందని మనసు పూరించుకుంది.

వ్యాసకర్తతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. ఫోన్ వల్ల మా కళకు నష్టం జరుగుతున్న మాట నిజమే. అయితే అది ఆయన చెప్పిన చోట జరగడం లేదు.

ఈ రోజుల్లో పేకముక్కల పని, నాణేల పని నేర్చుకునే పిల్లలు ఎక్కువగా వీడియోలు చూసే నేర్చుకుంటున్నారు. ఆ వీడియోల్లో ఏం కనిపిస్తుందో గమనించండి. నల్లటి బట్ట పరిచిన బల్ల, రెండు చేతులు. మెడ పైభాగం ఉండదు. నేర్చుకునేవాడు కూడా ఫోన్ ఎదురుగా పెట్టుకుని తన చేతులనే చిత్రీకరించుకుని, కోణం సరిపోయిందో లేదో చూసుకుంటాడు. నెలల తరబడి అలా సాధన చేసి స్టేజీ ఎక్కుతాడు. వేళ్లు అద్భుతంగా ఆడతాయి. అబద్ధం ఎందుకు, కొంతమంది కుర్రాళ్ల చేతులు చూస్తే మా మావయ్య కాలంలో అంత శుభ్రంగా చేసినవాళ్లు తక్కువే అనిపిస్తుంది. కానీ తల వంచుకునే ఉంటాడు. ఎదురుగా ఉన్నవాళ్లు అతని మొహం కోసం చూస్తే నడినెత్తి కనిపిస్తుంది. కాసేపు చూసి వాళ్లూ ఫోన్లు తీస్తారు. దాన్ని పట్టుకుని "ప్రేక్షకులు మారిపోయారు" అంటున్నాం.

రహస్యాలు బయటపడటం కొత్త సంగతి కాదు. 1584లోనే రెజినాల్డ్ స్కాట్ అనే ఆంగ్లేయుడు గారడీవాళ్లు నాణేలు, పేకముక్కలతో చేసే పనులు, తల నరికినట్టు చూపే పని ఎలా చేస్తారో విడమరిచి పుస్తకంలో అచ్చు వేయించాడు. చేతబడి చేశారన్న ఆరోపణతో అమాయకులను చంపుతున్న రోజులవి. ఇవన్నీ చేతి నేర్పే తప్ప దెయ్యాల పని కాదని చెప్పడం ఆయన ఉద్దేశం. నాలుగు శతాబ్దాలు దాటాయి. ఆ పుస్తకంలో ఉన్న నాణెం పనుల్లాంటివి నేను ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను, జనం నోళ్లు తెరుస్తూనే ఉన్నారు. మనిషిని రంపంతో కోసే అంశాన్ని లండన్‌లో పి.టి. సెల్బిట్ 1921 జనవరిలో మొదటిసారి జనం ముందు ప్రదర్శించాడు. ప్రచారం కోసం థియేటర్ బయట అంబులెన్సులు నిలబెట్టించాడు. రక్తంలా కనిపించే ఎర్రటి నీళ్లను బకెట్లతో తెచ్చి కాలవలో పారబోయించాడు. అప్పటి నుంచి ఆ పెట్టె గుట్టు ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. పెట్టె మాత్రం ఇంకా స్టేజీల మీద తిరుగుతోంది.

అదే అంశాన్ని 1956 ఏప్రిల్‌లో మన పి.సి. సర్కార్ బీబీసీ టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారంలో చేశారు. పెట్టె కూడా లేదు, బల్ల మీద పడుకున్న అమ్మాయిని తిరిగే రంపంతో కోశారు. ఆ తర్వాత ఆమెను లేపడానికి ప్రయత్నించినట్టు చేసి, ఆమె కదలకపోయేసరికి మొహం మీద నల్లగుడ్డ కప్పారు. సరిగ్గా అప్పుడే కార్యక్రమం సమయం అయిపోయింది, వ్యాఖ్యాత ముందుకొచ్చి సెలవు తీసుకున్నాడు. అమ్మాయి చచ్చిపోయిందేమోనని కంగారుపడి జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లన్నీ నిండిపోయాయి. ఈ కథ చెప్పేవాళ్లందరూ రంపం గురించీ, సమయం అయిపోవడం గురించీ చెబుతారు. పెట్టెలో పడుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ గుడ్డ కనిపిస్తుంది. అందరి కళ్లూ ఏ మొహం కోసం వెతుకుతున్నాయో ఆ మొహాన్నే ఆయన కప్పేశారు. ఆయనకు ప్రేక్షకులు ఎంత బాగా తెలుసో ఆ ఒక్క పనిలో ఉంది.

ఇక వాలంటీర్ల సంగతి, అంటే జనంలోంచి మేం స్టేజీ మీదికి పిలిచేవాళ్ల సంగతి. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయించింది ఇదే.

ఈమధ్య ఒక షోకి ప్రేక్షకురాలిగా వెళ్లాను. ఇంద్రజాలికుడు మంచి చెయ్యి ఉన్నవాడే. రెండో అంశానికి ఒక పెద్దాయనను స్టేజీ మీదికి పిలిచాడు. పేరడిగాడు గానీ, ఆయన చెప్పేలోపే జనం వైపు తిరిగి జోకు వేశాడు. ఆయన ముక్కులోంచి నాణేలు రాల్చాడు, బట్టతల మీద ఒక మాట, పొట్ట మీద ఒక మాట అన్నాడు. హాలు నవ్వింది. పెద్దాయనా నవ్వారు, నవ్వక ఏం చేస్తారు? అంశం అయిపోగానే ఇంద్రజాలికుడు తర్వాతి సామాను వైపు వెళ్లిపోయాడు. కిందికి దిగాలో, ఇంకా ఉండాలో ఆయనకు తెలియదు. మొహం మీద లైటు పడుతుంటే మెట్లు కనబడవు. కాలితో తడుముకుంటూ ఒక్కరే దిగారు. ఐదు నిమిషాల తర్వాత "ఇంకొకరు ఎవరైనా రండి" అని పిలిస్తే ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూపులు చూశారు. షో అయ్యాక ఆ ఇంద్రజాలికుడు నిర్వాహకులతో అన్న మాట నా చెవిన పడింది: "ఇక్కడి ఆడియన్స్ బాగా డల్ సార్."

స్టేజీ మీదికి వచ్చిన మనిషి మన ఇంటికొచ్చిన చుట్టంతో సమానం. ఆ మనిషికి ఏం జరుగుతుందో చూసి, రేపు మనకూ అదే జరుగుతుందని కింద కూర్చున్నవాళ్లందరూ లెక్క కట్టుకుంటారు. ఆ ఒక్కరితో మనం ఎలా ఉంటామో హాలు మొత్తంతో అలా ఉన్నట్టే.

అందుకే నేను వాలంటీర్‌కి మెట్ల దగ్గర ఎదురెళతాను. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చేవాళ్లకు కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. చెయ్యి అందిస్తాను, భుజం మీద చెయ్యి వేయను. పేరు అడిగి, విని, ఆ పేరుతోనే పిలుస్తాను. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో మైకు పక్కకు పెట్టి మెల్లగా చెబుతాను. చేతిలో పేకముక్క పెడితే చాలామందికి చెయ్యి వణుకుతుంది. దాన్ని చూడనట్టే ఉండాలి. "అయ్యో వణుకుతోంది చూడండి" అని జనానికి చూపిస్తే నవ్వు వస్తుంది, ఆ మనిషి ముడుచుకుపోతాడు. తీసిన ముక్కను వాళ్ల చేతే జనానికి కూడా చూపించమంటాను. స్టేజీ టెన్షన్‌లో తను తీసింది కళావరో ఇస్పేటో మర్చిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. మర్చిపోతే మా ట్రిక్ పాడవడం సరే, ఇంతమందిలో మతిమరుపు మనిషిగా మిగిలిపోయానన్న సిగ్గు వాళ్లకు ఇంటిదాకా వెంట వస్తుంది. ఎవరిదైనా ఉంగరమో ఫోనో తీసుకుంటే, ఆ మనిషి ఇక నా మాటలేవీ వినరు, వస్తువునే చూస్తుంటారు. అందుకని అది మాయమైన తర్వాత ఎక్కువ కబుర్లు చెప్పను. తిరిగి ఇచ్చేటప్పుడు ఏమీ కాలేదని వాళ్ల చేతే చూసి చెప్పిస్తాను. చివర్లో చప్పట్లు వాళ్ల పేరు మీద అడుగుతాను. వాళ్లు కుర్చీలో కూర్చునేదాకా తర్వాతి అంశం మొదలుపెట్టను.

ఎగతాళి లేకుండా నవ్వు రాదా అంటారు కొందరు తోటివాళ్లు. ఇటలీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఇంద్రజాలికుడు స్లైడినీ పేరు మా వాళ్లకు తెలుసు, 1991లో పోయారు. ఆయన వల్ల పేరొచ్చిన అంశం ఒకటుంది. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, కాగితపు ఉండలు ఒక్కొక్కటిగా మాయం చేస్తారు. నిజానికి ఆ ఉండలు ఆ మనిషి తల మీదుగా వెనక్కి ఎగిరిపోతుంటాయి. హాలంతా చూస్తుంది, కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం కనబడదు. మా మొత్తం విద్యలో ఇంత ప్రమాదకరమైన అంశం నాకు ఇంకోటి తెలియదు, కత్తుల బుట్టతో సహా. ఎందుకంటే గుట్టు జనానికి ఇచ్చేసి, ఒక్క మనిషిని బయట నిలబెడుతున్నాం. కాస్త తేడా వస్తే అది వెక్కిరింతే. నేను ఈ అంశానికి సిగ్గరిని ఎప్పుడూ పిలవను. అప్పటికే గట్టిగా నవ్వుతున్న మనిషినో, ఆఫీసు షో అయితే నలుగురూ గౌరవించే పై అధికారినో పిలుస్తాను. ఉండ మాయమైన ప్రతిసారీ జనం కన్నా ముందు నేనే ఆశ్చర్యపోతాను, తప్పు నా చేతిదే అన్నట్టు. చివర్లో వెనక్కి తిరిగి చూడమంటాను. ఉండల కుప్ప చూసి వాళ్లు పగలబడి నవ్వాక, కడపటి ఉండ వాళ్ల చేతికిచ్చి, నేను కుర్చీలో కూర్చుని, నా తల మీదుగా విసరమంటాను. అప్పుడు వచ్చే చప్పట్లు మొదటి వాటికన్నా పెద్దవి.

పిల్లల ముందు షో అంటే లెక్కే వేరు. "నాకు తెలుసు, చేతిలో దాచింది!" అని అరిచే పిల్లవాడు ప్రతి గుంపులోనూ ఉంటాడు. వాడి నోరు మూయించాలని చూసే ఇంద్రజాలికుడు ఓడిపోయినట్టే. వాడికి ట్రిక్ పాడుచేయాలని ఉండదు, తనకు కళ్లున్నాయని అందరికీ తెలియాలని ఉంటుంది. "నువ్వు బాగా చూస్తావే, అయితే ఈ డబ్బాకి కాపలా నువ్వే" అని ముందుకు పిలిచి నిలబెడతాను. ఇక వాడు నా పక్షం. పక్కవాడు కదిలినా ఊరుకోడు.

నిదానం గురించి కూడా చెప్పాలి. అర్జెంటీనాకు చెందిన రెనే లావాండ్ అనే ఆయనకు తొమ్మిదేళ్ల వయసులో ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. మిగిలిన ఎడమచేత్తోనే పేకముక్కల విద్య నేర్చుకుని లోకమంతా తిరిగి ప్రదర్శించారు. 2015లో చనిపోయారు. కథలు చెబుతూ, ఒక్కో ముక్కనూ ఒక్కో మాటంత నెమ్మదిగా పెట్టేవారు. ఒక చెయ్యి లేదన్న సంగతి జనం కాసేపటికి మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు అంశానికీ అంశానికీ మధ్య ఊపిరి కూడా పీల్చుకోనివ్వకుండా మ్యూజిక్ పెట్టి పరిగెత్తిస్తున్నారు. ఆశ్చర్యపోయిన మనిషి పక్కవాళ్ల వైపు తిరిగి "చూశావా?" అనడానికి రెండు క్షణాలు కావాలి. ఆ రెండు క్షణాలూ ఇవ్వకపోతే చప్పట్లు ఎక్కడి నుంచి వస్తాయి? స్పెయిన్‌లో జువాన్ తమరిజ్ అనే ఇంద్రజాలికుడు ట్రిక్ పూర్తికాగానే చేతిలో లేని వయొలిన్ వాయిస్తూ పాట అందుకుంటాడు. చూడటానికి పిచ్చి చేష్టలా ఉంటుంది. అయిపోయింది, ఇక మీ వంతు అని జనానికి చెప్పడానికి అంతకన్నా మంచి దారి నేను చూడలేదు.

షోలు పెట్టించేవాళ్లకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఫోన్ చేయగానే "ఎన్ని ఐటెమ్స్ చేస్తారు?" అని అడుగుతున్నారు. దానికన్నా హాలు గురించి మాట్లాడుకుంటే బాగుంటుంది. ఎప్పుడో వచ్చే అతిథుల కోసం ముందు రెండు వరుసలు ఖాళీగా ఉంచకండి. ఖాళీ కుర్చీలకు మ్యాజిక్ చేయడం ఎవరి వల్లా కాదు. హాల్లో లైట్లన్నీ ఆర్పేయకండి, కాస్త వెలుతురు ఉంచండి, మాకు మొహాలు కనబడాలి. చేతిలో పట్టుకునే మైకు కాకుండా కాలర్‌కి పెట్టుకునేది ఇప్పించండి. ఇవి ఉంటే నేను నాలుగు ఐటెమ్స్‌తో గంట నడుపుతాను. లేకపోతే ఇరవై చేసినా మీకు గుర్తుండవు.

చివరిగా మీ కొత్త శీర్షిక గురించి. ఆపమని అడగబోవడం లేదు, వేసుకోండి. నిప్పు, బ్లేడు, సూదులు, మింగడం ఉన్నవాటి జోలికి మాత్రం పోకండి, చదివేది పిల్లలు. చంగ్ లింగ్ సూ పేరుతో ప్రదర్శనలిచ్చిన విలియం రాబిన్సన్, తుపాకీ గుండును పట్టుకునే అంశం చేస్తూ 1918లో లండన్ స్టేజీ మీదే గాయపడి మర్నాడు చనిపోయాడు. ఆయన ఆ విద్యలో పండిపోయినవాడు. అలాగే ఇప్పుడు బతికున్న ఇంద్రజాలికులు సొంతంగా కనిపెట్టుకున్న అంశాలు వదిలేయండి, అది వాళ్ల జీవనాధారం. రబ్బరు బ్యాండు, రుమాలు, నాణెం, దారం లాంటివి ఎన్నయినా ఉన్నాయి. బొమ్మలు వేసేటప్పుడు ఒట్టి చేతులు వేసి వదిలేయకుండా, చేసేవాళ్ల మొహం కూడా వేయించండి, ఏ దశలో ఎటు చూడాలో బాణం గుర్తుతో చూపించండి. మీ చిత్రకారుడికి అనుమానాలుంటే నాకు ఫోన్ చేయమనండి, నెంబరు కవరు మీద రాశాను. దాన్ని అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక ఇంద్రజాలికురాలు